గంపలో దీపం

బోగోలు,
1 ఫిబ్రవరి 2025

తాతయ్యకు,

నీ మనవరాలు అబిగయీలు వందనాలు చెప్పి రాస్తున్నది. ఇక్కడ అందరం కులాసా. మీ అక్క మగ్దలీనమ్మ అవ్వకు మోకాలి నొప్పి తగ్గింది, నోరు తగ్గలేదు. నీ చెవులు ఫోనుకు పూర్తిగా సెలవు చెప్పేశాయని అమ్మ అన్నది. సరే, ఇక ఉత్తరాలే.

అసలు సంగతి ఇది. కావలి స్టూడియోలో పని మానేశాను. సొంతంగా పెళ్ళిళ్ళు తీద్దామని రెండు లైట్లు కొన్నాను. ఫ్లాష్ లాగా ఒక్కసారి మెరిసి ఊరుకునేవి కావు. బ్యాటరీ తగిలిస్తే వెలుగుతూనే ఉంటాయి. ఒక్కొక్కటి సోడా సీసా అంత. వైరు లేదు, వేడి లేదు, చంకలో పెట్టుకొని ఎక్కడికైనా పోవచ్చు. పసుపు వెలుగు కావాలంటే పసుపు, తెలుపు కావాలంటే తెలుపు. ముఖం మీద నీడ ఎక్కడ పడుతుందో కెమెరా నొక్కకముందే కంటికి కనిపిస్తుంది, అదీ గొప్ప. అవ్వను కూర్చోబెట్టి తీసిన పటం ఇందులో పెట్టాను, చూడు.

అన్నయ్య కిషోర్ బాబు మాత్రం, "ఒక్క పెళ్ళి చూస్తా. అది సరిగ్గా రాకపొయ్యిందా, వచ్చి నా జెరాక్సు మిషన్ దగ్గర కూర్చో" అన్నాడు. అమ్మా నాన్నా కూడా వాడివైపే. ఆ ఒక్క పెళ్ళి కోవూరులో ఇందిరమ్మగారి మనవరాలు వాణిది, ఇరవయ్యో తేదీన. మండపం వద్దని, ఇంటి ముందు కళ్ళంలోనే పందిరి వేస్తున్నారు. ముహూర్తం తెల్లవారకముందే. లైట్లు ఉన్నాయని చెప్పినందుకే నన్ను ఒప్పుకున్నారు.

అంతకంటే ముందు ఎనిమిదిన సాయంత్రం వాణినీ, పెళ్ళికొడుకు పెంచలకృష్ణనూ మా ఊరికి తూర్పున ఉన్న జాలర్ల పాళెం దగ్గర సముద్రం ఒడ్డున తీయాలి. స్టూడియో నడిపిన రోజుల్లో నువ్వు ఆ ఒడ్డున ఎన్నో పటాలు తీశావు కదా. లైటు ఎక్కడ పెట్టమంటావో రాయి.

నీ అబిగయీలు


విడవలూరు,
4 ఫిబ్రవరి 2025

మా అబిగయీలమ్మకు సమాధానం తాత దీవించి రాసేది,

ఉత్తరం చేరింది. పోస్టుమాన్ దాన్ని చేతికిస్తూ, "నీకు ఉత్తరం రాసేవాళ్ళు ఇంకా ఉన్నారా పెద్దాయనా" అన్నాడట. నాకు వినపడలేదు. పక్కింటామె చేతులు తిప్పి చెప్పింది. మొన్న మీ అమ్మ ఫోనులో బొమ్మగా కనిపించి పెదవులు ఆడించింది. అరగంట సేపు తల ఊపాను. చివరికి తెలిసిందేమిటంటే, మా పెరటి కొబ్బరిచెట్టు కొట్టించడానికి ఒప్పుకున్నానట. అందుకని ఉత్తరాలే క్షేమం.

పటం చూశాను. మా అక్క ముఖం సగం వెలుగులో ఉంది, సగం చీకట్లో ఉంది. చూడగానే తెలిసిపోయింది. నీ రెండో లైటు వెలగలేదు. అమ్మినవాడి మీద కూర్చొని మార్పించుకో. మా రోజుల్లో అలాంటి పటం ఇస్తే, మిగతా సగం మనిషి ఎక్కడని అడిగేవాళ్ళు.

వేడి లేదని రాశావు, అది మాత్రం సంతోషం. వీడియో కొత్తగా వచ్చినప్పుడు మా గుడిలో ఒక పెళ్ళికి హాలోజన్ లైటు అద్దెకు తెచ్చాను. అది దీపం కాదు, పొయ్యి. పెళ్ళికూతురి పౌడరు కారింది. కాగితం పూలు మాడిన వాసన వచ్చింది. పాస్టరు అయ్యగారు "ప్రియులారా" అని ప్రసంగం మొదలుపెట్టి, నుదురు తుడుచుకొని, మళ్ళీ "ప్రియులారా" అని, మళ్ళీ తుడుచుకొని, ఉంగరాలు తెమ్మన్నారు. మా సంఘంలో అంత పొట్టి ప్రసంగం అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు. బయటికొచ్చాక జనం పెళ్ళికొడుకును వదిలేసి నాకు చేతులిచ్చారు.

ఎక్కడ ఉన్నాను? సముద్రం. ఆ పాళెంలో చేపలు ఎండబెట్టే చోటు దాటితే ఇసుక మిట్ట ఒకటి ఉంటుంది. అక్కడ నేను పగటిపూట బోలెడు పటాలు తీశాను. లైటు ఆ మిట్ట మీద పెట్టు. పిల్లనూ పిల్లవాణ్ణీ కింద నీళ్ళ అంచున నిలబెట్టు, వీపు సముద్రం వైపు. ఎత్తు నుంచి వెలుగు పడితే ముఖాలు కళకళలాడతాయి. వెలుగు ఎక్కువైతే పైన గుడ్డ వెయ్యి, చాలకపోతే తియ్యి. వేసీ తీసీ, వేసీ తీసీ చూసుకో. వెలుగు దగ్గర మొహమాటం పనికిరాదు.

కిషోర్ బాబు మాటకు దిగులుపడకు. వాడు పుట్టినప్పుడే నకలు లాగా ఉన్నాడు, అచ్చం మీ నాన్న.

ఆశీస్సులతో,
సమాధానం తాత


బోగోలు,
9 ఫిబ్రవరి 2025

తాతా,

వందనాలు. కులాసా అని రాయలేను.

నువ్వు చెప్పిన మిట్ట మీదే లైటు పెట్టాను. గాలికి పడకుండా స్టాండు కాళ్ళకు ఇసుక సంచులు కట్టాను. పొద్దు గుంకింది, ఆకాశం వంకాయ రంగులో ఉంది, వాణి చీర అంచు నీళ్ళ మీద తేలుతోంది. ఎంత బాగుందో! వెలుగు కొంచెం ఎక్కువనిపించి తెల్లగుడ్డ వేశాను. తీశాను. మళ్ళీ వేశాను, తీశాను. నువ్వు చెప్పినట్టే, మొహమాటం లేకుండా.

ఇంతలో సముద్రం మీద ఇంజన్ల చప్పుడు. ఒక పడవ మావైపు తిరిగింది. తర్వాత ఇంకోటి. చూస్తుండగానే వేటకు వెళ్ళిన పడవలన్నీ ఒడ్డుకు ముఖం పెట్టాయి. ఒడ్డు తగలకముందే మగవాళ్ళు నడుము లోతు నీళ్ళలోకి దూకి పరిగెత్తుకొని వస్తున్నారు. ఒకడు "రవణమ్మా" అని, ఒకడు "నాయనా, చిన్నోడా" అని, ఎవరి ఇంట్లోవాళ్ళ పేర్లు వాళ్ళు అరుస్తున్నారు. పెంచలకృష్ణ తనను కొట్టడానికే వస్తున్నారనుకొని వాణి వెనకాల దాక్కున్నాడు. వాణి దాన్ని ఇక జన్మలో మరిచిపోదు.

అందరికంటే ముందు ఊరి పెద్ద గంగులయ్య. ఒళ్ళంతా తడి, పంచె సగం ఊడింది.

"ఎవురికేమయింది? ఎవురు పొయ్యినారు చెప్పమ్మే!"

"ఎవరికీ ఏమీ కాలేదు పెద్దాయనా. పెళ్ళి ఫోటోలు తీసుకుంటున్నాం."

"ఫోటోలా?" అని ఆయన ఇసుకలో కూలబడ్డాడు. కాసేపటికి ఊపిరి వచ్చింది, ఊపిరితోపాటు కోపం వచ్చింది. "ఈ మిట్ట మీద లైటు మూసి తెరిస్తే ఏందో తెలుసునా నీకు? ఊళ్ళో చావో బతుకో వచ్చి పడింది, యాడిది ఆడ ఇడిసిపెట్టి రమ్మని! లోపల ఫోన్లు పలకవు, మాకు ఇదే ఫోను. వలలు నీళ్ళల్లో పారేసి వచ్చినాం గదమ్మే, నీ ఫోటోల కోసరం!"

వలలు కొన్ని పొద్దున దొరికాయట, వేట మాత్రం పోయింది. నా రెండు లైట్లూ, బ్యాటరీలూ తీసుకెళ్ళి చేపల వేలంపాట షెడ్డులో పెట్టి తాళం వేశారు. వచ్చే అమావాస్యకు పడవలు దిగవు. ఆ రోజు ఊరు కూర్చొని తేలుస్తారట. అమావాస్య ఇరవై ఏడున, పెళ్ళి ఇరవైన. అన్నయ్య అప్పుడే జెరాక్సు మిషన్ పక్కన కుర్చీ తుడిచి పెట్టాడు.

ఇంకొక సంగతి. వాళ్ళు పరిగెత్తి వస్తున్నప్పుడు భయంతో నా వేలు కెమెరా మీదే ఉండిపోయింది. ముఖాలన్నీ పడ్డాయి. ఆ లైటు వెలుగులో ప్రతి ఒక్కడి కళ్ళూ కనిపిస్తున్నాయి. వాటిని ఏం చేయమంటావు?

అవ్వ పటం తీసినప్పుడు రెండో లైటు బాగానే ఉంది తాతా. సగం నీడ నేను కావాలని పెట్టిందే. ఈ గొడవలో అది చెప్పడం మరిచాను.

అబిగయీలు


విడవలూరు,
12 ఫిబ్రవరి 2025

అబిగయీలమ్మకు,

ధైర్యంగా ఉండు. అంతా నేను చక్కబెట్టేశాను.

మిట్ట సంగతి నాకు తెలియదు తల్లీ. పగటిపూట అది ఉత్త ఇసుక. నేనెప్పుడూ పొద్దు గుంకేలోగా ఇల్లు చేరేవాణ్ణి, మా ఇంటావిడకు చీకటంటే భయం. చీకటంటే కాదనుకో, చీకటిపడ్డాక నేను ఎక్కడున్నానన్నదే ఆమె భయం. అది వేరే కథ.

ముందు ఆ పటాల మాట. వెంటనే చెరిపెయ్యి. ఎవరికీ చూపించకు. స్టూడియో పెట్టిన నాటి నుంచి నాది ఒకటే నియమం. పటంలో మనిషి భయపడుతూ ఉండకూడదు, ఆవలిస్తూ ఉండకూడదు, ఏడుస్తూ అసలు ఉండకూడదు. మనిషిని మా సున్నపు గోడకు ఆనించి, మెడ నిటారుగా పెట్టించి, "ఊపిరి బిగపట్టు" అంటేనే పటం. సముద్రం మీద బతికే మగవాడికి నువ్వు బెదిరిన ముఖం చూపిస్తే, లైట్లు ఇవ్వడం అటుంచు, కెమెరా కూడా షెడ్డులో పెడతాడు.

ఇక గంగులయ్యకు నేనే ఒక ఉత్తరం రాశాను. నేను బడికి పోయింది తక్కువ, గుడిలో విన్నదే నా చదువు. ఆ చదువంతా అందులో పెట్టాను. "అయ్యా, వెలిగించిన దీపాన్ని గంప కింద మూసిపెట్టడం న్యాయమా? దీపం ఎత్తున ఉంటేనే కదా నలుగురికీ వెలుగు" అని రాశాను. రాశాక చదువుకుంటే నాకే కళ్ళు చెమ్మగిల్లాయి. తాళం వేసిన షెడ్డుకూ, గంపకూ పోలిక కుదిరింది.

ఉత్తరం ఒక్కటే అయితే బాగుండదని ఒక కానుక కూడా పంపాను. మా నాన్న ఊరేగింపులకు అద్దెకిచ్చిన పెట్రోమాక్స్ లైటు అటక మీద ఉంది. దాన్ని చింతపండుతో తోమించాను, తళతళలాడుతోంది. దారిలో అద్దం పగలకుండా గంపలో పెట్టి, చుట్టూ వరిగడ్డి కుక్కి, పైన ఇంకో గంప బోర్లించి కట్టి, కావలి బస్సులో తెలిసినవాడి చేతికిచ్చాను. గంగులయ్య ఇంటికే చేరుస్తాడు. ఇలాంటి మర్యాద ఆయన జన్మలో చూసి ఉండడు.

సగం నీడ కావాలని పెట్టానన్నావు. అంత కష్టంలోనూ తాత నొచ్చుకోకూడదని రెండో లైటు తప్పు నీ మీద వేసుకున్నావు. మంచి పిల్లవు.

సమాధానం తాత


బోగోలు,
16 ఫిబ్రవరి 2025

తాతయ్యకు వందనాలు.

నీ కానుక చేరింది. నీ ఉత్తరమూ చేరింది. రెండూ ఒకే రోజు, ఒకే ఇంటికి.

నేను నీకు రాయని ముక్క ఒకటి ఉంది. ఆ పాళెం వాళ్ళు మిట్ట మీద లైటును దేనితో మూసి తెరుస్తారో తెలుసా? గంపతో. చేపల గంప. తాతల నాటి నుంచి అంతే.

ఉత్తరాన్ని షెడ్డు ముందు అందరికీ వినపడేలా చదివించాడట గంగులయ్య. గంప మాట రాగానే ఆపమని, "చూసినారా, గంప సంగతి వీళ్ళకి ముందే తెలుసు! గంప ఎందుకు మూస్తారని నన్నే నిలదీస్తా ఉండాడు ముసలాయన" అన్నాడట. సరిగ్గా అప్పుడు బస్సులోంచి నీ మూట దిగింది. విప్పారు. లోపల లైటు, కింద గంప, పైన గంప.

"లైటూ పంపినాడు, గంపా పంపినాడు! ఇంకోతూరి చెయ్యమంటాడా? ఇదేం ఎగతాళి బ్బా!"

దాంతో అమావాస్యకు కూడా లైట్లు ఇచ్చేది లేదన్నారు. నేను ఇంటికొచ్చి అన్నయ్య తుడిచి పెట్టిన కుర్చీలో కూర్చున్నాను. ఎవరిదో ఆధార్ కార్డు జెరాక్సు కూడా తీశాను, తాతా. తలకిందులుగా వచ్చింది.

కానీ ఆ సాయంత్రమే షాపు ముందు ఆటో ఆగింది. గంగులయ్య భార్య వెంకటశేషమ్మా, ఇంకో నలుగురు ఆడవాళ్ళూ దిగారు. తిట్టడానికే వచ్చారనుకున్నాను. వెంకటశేషమ్మ కొంగు బిగించి అడిగింది.

"ఏమ్మే, ఆ పొద్దు మా మగోళ్ళు ఉరుకుతా వస్తా ఉంటే ఫోటోలు తీసినావంట గదా. మేం ఇళ్ళల్లో ఉండాం. మేం చూళ్ళేదు. ఓసారి చూపిస్తావా?"

నీ ఉత్తరం అప్పటికింకా రాలేదు. వచ్చి ఉంటే చెరిపేసి ఉండేదాన్నేమో. కంప్యూటరులో ఒక్కొక్కటే తెరిచాను. నీళ్ళు చిమ్ముకుంటూ, నోరు తెరుచుకొని, వెనకాల పడవ ఏమవుతుందో చూసుకోకుండా వస్తున్న మనుషులు. ఒకామె, "అది మా ఆయనే? నాకోసరమే?" అని తెరను వేలితో తాకింది. ఇంకొకామె పకపకా నవ్వి, వెంటనే ఏడ్చింది.

గంగులయ్య ముఖం వచ్చింది. వెంకటశేషమ్మ దగ్గరికి జరిగి కూర్చుంది.

"పెళ్ళయిన కాణ్ణించి నన్ను 'ఏమ్మే' అనడమే గానీ పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. ఆ పొద్దు నీళ్ళల్లోంచి 'శేషమ్మా, శేషమ్మా' అని అరుచుకుంటా వచ్చినాడని ఊరంతా అంటా ఉంటే, నేను నమ్మలా. ఇంటికొచ్చినాక అడిగితే, 'పో, కూడెయ్యి' అన్నాడు." ఆ ముఖం వైపు చాలాసేపు చూసి, "ఇది నాకు కావాల. పెద్దదిగా కావాల" అన్నది.

అందరికీ అన్నయ్య మిషను మీదే అచ్చు వేసి ఇచ్చాను. వాళ్ళు అవి రొమ్ముకు హత్తుకొని వెళ్ళారు. మర్నాడు పొద్దున్నే మా వీధి మొదట్లో ఊరేగింపు. ఒకామె భుజాన స్టాండు, ఒకామె చంకలో బ్యాటరీలు, వెంకటశేషమ్మ నెత్తిమీద నా లైటు డబ్బా. మగవాళ్ళేమన్నారని అడిగితే, "తాళంచెవి నా బొడ్లో ఉంటాది. వాళ్ళనేదేంది" అన్నది.

ఆమె వెళ్ళాక నీ ఉత్తరం వచ్చింది, పటాలు చెరిపెయ్యమని. ఇంత ఆలస్యంగా ఉత్తరాలు మోసే పోస్టుమాన్ చల్లగా ఉండాలి.

విడవలూరు నుంచి కోవూరు ఎంతో దూరం లేదు. ఇరవయ్యో తేదీకి వస్తావా?

అబిగయీలు


విడవలూరు,
22 ఫిబ్రవరి 2025

అబిగయీలమ్మకు,

క్షేమంగా ఇల్లు చేరాను. నిన్ను చూడాలని వచ్చానని ఊళ్ళో చెప్పాను. నిజానికి కోవూరు వాళ్ళ గుత్తివంకాయ కోసం వచ్చాను. నీతో ఆ హడావిడిలో ఒక్క మాటైనా పడలేదు, పడినా వినపడేది కాదు. అందుకని ఇది రాస్తున్నాను.

లైటు పట్టేవాడు రాలేదని నువ్వు నా చేతిలో పెట్టి, "ఇట్లా" అన్నట్టు చెయ్యి ఎత్తి చూపి వెళ్ళిపోయావు. చూస్తే పసిపిల్లంత బరువు లేదు. నేను మోసిన హాలోజన్లన్నీ గుర్తొచ్చి దాని మీద కొంచెం అసూయ కలిగింది. ఒకే పక్కన పట్టుకోమన్నావు కదా, వాణి ముఖం ఒక వైపే వెలుగుతోంది. పక్కనే ఉన్న ఇందిరమ్మగారు నన్ను వేలితో పొడిచారు. ఆమె మాట నాకు వినపడదని తెలిసి, నా చెవిలో నోరు పెట్టి అరిచారు.

"ఏందన్నా, మా పిల్ల మొహాన సగమే ఏసినారు? కరెంటు చాల్లేదా?"

పందిరంతా విన్నది. నేను మహా తెలిసినవాడిలా, "రెండో సగం మొగుడు చూసుకుంటాడమ్మా" అన్నాను. ఆమె తెగ నవ్వింది. దాని అర్థమేమిటో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

తాళి కట్టేటప్పుడు నీకు కోపం తెప్పించాను. పెళ్ళికూతురి తండ్రి పందిరి గుంజ వెనక్కి పోయి, ఎవరూ చూడటం లేదనుకొని కండువాతో ముఖం ఒత్తుకుంటున్నాడు. నాకు చెవులు పోయాయిగాని కళ్ళున్నాయి. లైటు కొంచెం అటు తిప్పాను. నువ్వు పళ్ళు కొరుకుతూ తిరిగావు, ఆయన్ను చూశావు, నొక్కావు. ఏడుస్తున్న మనిషిని తీయకూడదన్నది నా నియమం. దాన్ని నేనే కోవూరులో పారేసి వచ్చాను. పారేశాక చెయ్యి తేలికైంది.

భోజనాల దగ్గర కిషోర్ బాబు నా పక్కన కూర్చున్నాడు. "ఫోటోలు ఎట్టా వస్తాయంటావు తాతా?" అని కాగితం మీద రాసి చూపించాడు. నాకు వినపడదని చెప్పి పెరుగన్నం కలుపుకున్నాను. వాడు కంగారుపడితే నాకు ఆకలి బాగా వేస్తుంది.

పటాలు చూసి వాళ్ళేమన్నారో రాయి. గంగులయ్య పెట్రోమాక్స్ తిరిగి పంపితే గంపలు విడిగా పంపమను.

నీ లైట్ బాయ్,
సమాధానం తాత


బోగోలు,
1 మార్చి 2025

తాతయ్యకు,

వందనాలు. ఇందిరమ్మగారు పటాలు చూశారు. వాణి నాన్న ఉన్న పేజీ దగ్గర ఆగిపోయి, కొడుకును పిలిచి, "నువ్వు ఏడ్చినావంట్రా?" అని అడిగారు. ఆయన లేదన్నాడు. ఆమె ఆల్బం మూయలేదు. ఇంకో పటం అలాంటిదే ఇంటికి కావాలన్నారు. పెంచలకృష్ణ దాక్కున్న పటం కూడా కావాలని వాణి అడిగింది. దాన్ని దేనికి వాడుకుంటుందో నాకు తెలుసు.

అన్నయ్య నా ఆల్బం రెండుసార్లు చూసి, మూడోసారి షాపుకొచ్చినవాళ్ళకు చూపిస్తుంటే పట్టుకున్నాను. "ఊరికే, దుమ్ము దులుపుతా ఉండా" అన్నాడు.

అమావాస్యకు పాళెంలో ఊరు కూర్చుంది. నిన్న గంగులయ్యే మా ఇంటికి వచ్చాడు. గడప దగ్గరే నిలబడ్డాడు. అవ్వ మంచినీళ్ళు ఇచ్చింది. తాగి, చెంబు కిందపెట్టి, నేలను చూస్తూ మాట్లాడాడు.

"ఊరు కూర్చున్నాం. ఆడోళ్ళందరూ నీ తట్టే మాట్లాడినారు. మగోళ్ళం నోరెత్తింది లేదు. ఎత్తితే ఒక్కొక్కతీ ఇంట్లోంచి ఫోటో తెచ్చి ముందర పెడతా ఉండాది."

నాకు నవ్వు వచ్చింది, ఆపుకున్నాను. ఆయన ఇంకా కదల్లేదు.

"మా మనవరాలి పెళ్ళి పెట్టుకున్నాం. ఈ ఫాల్గుణంలోనే. ఒడ్డు మీదే పందిరి. నువ్వే తియ్యాలంట. మా ఆమె... శేషమ్మ చెప్పి పంపింది."

అన్నయ్య లోపలి నుంచి వచ్చి, "లైట్లు లేకుండా తియ్యాల్నా పెద్దాయనా?" అని అడిగాడు, నా తరఫున.

గంగులయ్య అప్పుడు తలెత్తాడు తాతా.

"లైట్లు లేకుండా ఎందుకబ్బయ్యా? ఆ పొద్దు పడవ ఒక్కటి కూడా నీళ్ళల్లోకి దిగదు. యాడన్నా పెట్టుకోమను, మూసుకోమను, తెరుచుకోమను. రావాల్సినోళ్ళం అందరం ఒడ్డు మీదే ఉంటాం."

అబిగయీలు